అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో ఈవీ ఛార్జింగ్: ఏది పెట్టాలో బండి ఆగే సమయాన్ని బట్టి తేల్చుకోండి

అసోసియేషన్ మీటింగ్‌లో ఈవీ (ఎలక్ట్రిక్ వాహనం) ఛార్జర్ మాట రాగానే మొదట అడిగేది "ఎన్ని కిలోవాట్లది పెడదాం?" అని. కంపెనీల్లోనూ అంతే. ఛార్జర్ కొనేముందు అడగాల్సినవి వేరే రెండున్నాయి. బండి రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? తిరగనప్పుడు ఎక్కడ, ఎన్ని గంటలు ఆగి ఉంటుంది? ఈ రెండూ కాగితం మీద రాసుకుంటే మిగతా సగం ప్రశ్నలకి జవాబు దొరికిపోతుంది.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ కరెంటు పనులు కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. ఉద్యోగంలో ఉద్యోగుల క్యాబులు నడిపే ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌తో కలిసి పనిచేశాను. రెండు చోట్లా డబ్బు ఎక్కడ వృథా అయిందో దగ్గర్నుంచి చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదట మా బిల్డింగ్‌లో జరిగింది చెప్తాను. పెద్దది పెడితే అందరికీ పనికొస్తుందని 22 కిలోవాట్ల ఏసీ ఛార్జర్ కొన్నాం. త్రీఫేజ్ లైను లాగించాం, కేబుల్‌కే బోలెడు ఖర్చయింది. తీరా చూస్తే ఏ కారుకీ 7.2 కిలోవాట్లు మించి ఎక్కడం లేదు. అమ్మినవాళ్లు మాకు ఒక విషయం చెప్పలేదు. ఏసీ ఛార్జర్ అంటే నిజానికి భద్రత ఉన్న ఒక పెద్ద ప్లగ్ పాయింట్ మాత్రమే. ఏసీ అంటే గోడలోంచి వచ్చే మామూలు కరెంటు, బ్యాటరీకి ఎక్కేది డీసీ. ఆ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించే పరికరం బండిలోపలే ఉంటుంది. మన దగ్గర అమ్ముడవుతున్న కార్లలో చాలావాటికి అది 3.3 లేదా 7.2 కిలోవాట్లదే. కొన్ని కొత్త మోడళ్లకి 11 వరకూ ఉంది. బండి తీసుకోలేనిది గోడ మీద ఎంత పెట్టినా ఎక్కదు.

ఇంటి బండికి పవర్ ప్లగ్ సరిపోతుందా, వాల్‌బాక్స్ (గోడకి బిగించే ఏసీ ఛార్జర్) కావాలా?

ఊళ్లో తిరిగే కారు రోజుకి 30, 40 కిలోమీటర్లు తిరుగుతుంది. ఒక యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు వస్తుందనుకుంటే రోజుకి ఆరు యూనిట్లు కావాలి. గీజర్‌కి వాడే 15 ఆంప్స్ పవర్ ప్లగ్ గంటకి మూడు యూనిట్లు ఇస్తుంది. అంటే రెండు గంటల పని. బండి రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా సెల్లార్లోనే ఉంటుంది. రెండు గంటల పనికి పది గంటల సమయం ఉన్నప్పుడు ఖరీదైన ఛార్జర్ దేనికి? మామూలు వాడకానికి మంచి ఎర్తింగ్ ఉన్న పవర్ ప్లగ్ చాలు. ఇది ఇప్పుడున్న కార్లలో ఎక్కువ శాతానికి వర్తిస్తుందని నా గట్టి నమ్మకం.

7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ అవసరమయ్యేది తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకి. ఆదివారం రాత్రి విజయవాడ నుంచి దాదాపు ఖాళీ బ్యాటరీతో వచ్చి, సోమవారం పొద్దున్నే మళ్లీ దూరం వెళ్లాలనుకోండి. 45 యూనిట్ల బ్యాటరీ పవర్ ప్లగ్ మీద నిండటానికి 15 గంటలు పడుతుంది, వాల్‌బాక్స్ మీద ఏడు గంటలు. ఇలాంటి పని మీకు నెలకి ఒకసారే పడుతుందంటే, ఆ ఒక్కసారికి దారిలో ఫాస్ట్ ఛార్జర్ దగ్గర అరగంట ఆగడమే చవక.

అపార్ట్‌మెంట్‌లో డీసీ ఫాస్ట్ ఛార్జర్ (బ్యాటరీకి నేరుగా డీసీ ఎక్కించేది) మాత్రం వద్దనే చెప్తాను. ఏసీ పాయింట్ ఖర్చు వేలల్లో ఉంటుంది, డీసీది లక్షల్లో. పైగా డీసీ లోడ్‌కి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే సమస్య మొదలవుతుంది. రాత్రంతా ఆగి ఉండే బండిని అరగంటలో నింపి ఏం చేస్తాం?

ఎవరి మీటర్ మీద?

అసోసియేషన్లలో అసలు గొడవ ఇక్కడ వస్తుంది. దారులు మూడున్నాయి.

మొదటిది, ఎవరి ఫ్లాట్ మీటర్ నుంచి వాళ్ల పార్కింగ్‌కి లైను లాక్కోవడం. బిల్లు నేరుగా వాళ్లకే వస్తుంది, లెక్కల తగాదా ఉండదు. పది, పదిహేను ఫ్లాట్ల బిల్డింగ్‌కి ఇదే ఉత్తమం, ఇంకేం ఆలోచించక్కర్లేదు. పెద్ద బిల్డింగ్‌లో మాత్రం రెండు ఇబ్బందులున్నాయి. నెలకి 1,200 కిలోమీటర్లు తిరిగే కారు బిల్లుకి 180, 200 యూనిట్లు కలుపుతుంది. దాంతో ఇంటి బిల్లు పై స్లాబులోకి వెళ్తుంది. తెలంగాణలోనైనా ఆంధ్రలోనైనా పై స్లాబుల్లో యూనిట్ ధర తొమ్మిది రూపాయలు దాటుతుంది. ఈవీ ఛార్జింగ్‌కి ఉన్న ప్రత్యేక కేటగిరీలో ధర దానికన్నా తక్కువ. రెండో ఇబ్బంది కేబుళ్లది. మొదటి నలుగురూ మీటర్ రూం నుంచి తమకి నచ్చినట్టు కేబుల్ లాక్కుంటారు. పదో మనిషి వచ్చేసరికి సెల్లార్ పైకప్పంతా తీగలే. ఏది ఎవరిదో ఎలక్ట్రీషియన్‌కి కూడా అర్థం కాదు. ఈ దారిలో వెళ్లినా సరే, కేబుల్ ట్రే మాత్రం మొదటిరోజే అసోసియేషన్ ఖర్చుతో ఒకటి వేయించండి.

రెండోది, అసోసియేషన్ పేరు మీద ఈవీకి విడిగా కొత్త సర్వీస్ తీసుకుని, దాని మీద పాయింట్లు పెట్టి, ఎవరు వాడిన యూనిట్లకి వాళ్ల దగ్గర వసూలు చేయడం. ఈవీ ఛార్జింగ్‌కి వేరే కనెక్షన్ కోరే హక్కు 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో స్పష్టంగా ఉంది. మీ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో ఎవరైనా "అలాంటిది లేదు" అంటే ఆ నిబంధన చూపించండి. యాభై ఫ్లాట్లు దాటిన చోట నా ఓటు దీనికే. కారణం లోడ్ మేనేజ్‌మెంట్, అంటే ఉన్న కరెంటుని బండ్ల మధ్య పంచడం.

ఇరవై కార్లున్నాయనుకుందాం. ఇరవై వాల్‌బాక్సులు, ఒక్కోటి 7.2 చొప్పున అన్నీ ఒకేసారి నడిస్తే 144 కిలోవాట్లు. ఈ అంకె చూడగానే "మన ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు, ఈవీలు వద్దు" అని తీర్మానం చేసిన అసోసియేషన్లు నాకు తెలుసు. కానీ ఆ ఇరవై కార్లకి రోజుకి నిజంగా కావాల్సింది తలా ఆరు యూనిట్లు, మొత్తం 120. అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా 20 కిలోవాట్లు ఇచ్చినా ఆ 120 యూనిట్లూ వచ్చేస్తాయి. ఛార్జర్లు వాటిలో అవే మాట్లాడుకుని, మొత్తం 20 దాటకుండా, ఉన్న కరెంటుని పంచుకుంటాయి. ఒకరికి నిండాక మిగిలింది ఇంకొకరికి వెళ్తుంది. 144 కిలోవాట్ల భయం కాస్తా 20 కిలోవాట్ల పనిగా తేలుతుంది. ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడిగా పోతుంది కాబట్టి పది, పదిహేను శాతం ఎక్కువ వేసుకోండి. అప్పుడు కూడా 24, 25 కిలోవాట్లతో అయిపోతుంది.

మీ దగ్గర ఎంత లోడ్ మిగులుందో ఊహించకండి. మే నెల కరెంటు బిల్లుల్లో ఎండీ అని ఉండే గరిష్ఠ డిమాండ్ (ఆ నెలలో పడిన అత్యధిక లోడ్) చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక వారం రాత్రి పది, పన్నెండు, రెండు గంటలకి క్లాంప్ మీటర్‌తో ఎలక్ట్రీషియన్‌ చేత కొలిపించండి. మన దగ్గర అసలు పీక్ వేసవి రాత్రి ఏసీలు అన్నీ మోగే వేళ. ఈ వారం కొలతలు ఏ సేల్స్ ప్రెజెంటేషన్ కంటే విలువైనవి. ఇంకొకటి, ఈవీ లైను జనరేటర్ మీద పడకుండా ప్యానెల్‌లోనే విడగొట్టించండి. కరెంటు పోయినప్పుడు లిఫ్టుకీ నీళ్ల మోటారుకీ ఉన్న జనరేటర్ మీద నాలుగు కార్లు ఎక్కితే అది ఆగిపోతుంది.

మూడో దారి బయటి కంపెనీని పిలవడం. "మీరు స్థలం ఇవ్వండి చాలు, ఛార్జర్ మేమే పెడతాం" అంటారు. పెట్టుబడి లేదు కాబట్టి వినడానికి హాయిగా ఉంటుంది. యూనిట్ ధర మాత్రం ఎక్కువ, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. మాకు తెలిసిన ఒక కాలనీలో ఇలా పెట్టిన ఛార్జర్ చెడిపోతే వారాల తరబడి ఎవరూ రాలేదు, ఒప్పందం ప్రకారం ఇంకొకరిని పిలిచే వీలూ లేదు. రోజూ దాని మీదే ఆధారపడ్డవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో చూశాను. విజిటర్స్ పార్కింగ్‌లో ఒకటి రెండు పాయింట్లకి ఈ పద్ధతి సరే. అందరి రోజువారీ ఛార్జింగ్ దీనికి అప్పగించొద్దు. ఒప్పుకుంటే మాత్రం మూడు విషయాలు రాతలో ఉండాలి: చెడిపోతే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు, ఫిక్స్‌డ్ చార్జీలు ఎవరు కడతారు, మధ్యలో వద్దనుకుంటే ఎలా బయటపడాలి.

ఏ దారిలో వెళ్లినా, యాప్‌తో నడిచే ఛార్జర్ కొంటే అది ఓసీపీపీ ప్రమాణంతో పనిచేస్తుందో లేదో అడగండి. ఇది ఛార్జర్‌కీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య ఉండే ఉమ్మడి భాష. అది ఉంటే సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడినా ఛార్జర్ అలాగే ఉంచి ఇంకొకరి సాఫ్ట్‌వేర్‌కి మారొచ్చు. లేకపోతే ఆ యాప్ ఆగినరోజు మీ ఛార్జర్లన్నీ ఆగిపోతాయి.

స్కూటర్ల మాట చాలా అసోసియేషన్లు మర్చిపోతాయి. మన బిల్డింగుల్లో ఈవీ కార్ల కంటే ఈవీ స్కూటర్లే ఎక్కువ. వాటికి రాత్రికి రెండు మూడు యూనిట్లు చాలు. కింద పాయింట్ ఇవ్వకపోతే బ్యాటరీ పైకి మోసుకెళ్లి హాల్లో సోఫా పక్కన ఛార్జ్ పెడతారు, లేదా మెట్ల కింద ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగుతారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటలు, పొగ పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది ప్రాణాలు తీశాయి. స్కూటర్లకి గాలి ఆడే చోట, మెట్లకీ లిఫ్టుకీ దూరంగా, నాలుగైదు పాయింట్లు మీటర్లతో సహా పెట్టించడం కార్ల ఛార్జర్ కంటే ముందు చేయాల్సిన పని.

ఖర్చు తగ్గించకూడని చోటు

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లో ఛార్జింగ్ గురించి విడిగా ఉంది. సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఆపిన బండి పాయింట్ నుంచి అయిదు మీటర్లలోపు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ తీగ వాడకూడదు. చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు. మా సెల్లార్లో ఒకసారి ప్లగ్ కరిగి నల్లబడింది, అదృష్టం బాగుండి మంట రాలేదు. 15 ఆంప్స్ కరెంటు గంటల తరబడి పారడం అంటే గీజర్ పది నిమిషాలు నడవడం లాంటిది కాదు. నాసిరకం సాకెట్, సన్నటి తీగ దాన్ని తట్టుకోలేవు.

ప్రతి పాయింట్‌కీ సొంత ఎంసీబీ (లోడ్ మించితే ఆపే స్విచ్), సొంత ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) ఉండాలి. ఎర్తింగ్ గుంట కొత్తది తవ్వించి కొలిపించండి. బండి ఛార్జ్ తీసుకోవడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడమే కారణం. బండి దాన్ని పసిగట్టి తనంతట తనే ఆపేస్తుంది.

నీళ్ల గురించి కూడా ఆలోచించాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో సెల్లార్లు ఎలా మునిగాయో చూశాం. స్టిల్ట్ పార్కింగ్ (నేల మట్టంలో పిల్లర్ల మధ్య ఉండేది) ఉంటే ఛార్జర్లు అక్కడే పెట్టండి. సెల్లారే గతి అయితే ప్యానెల్ బోర్డు మాత్రం పైన ఉండాలి, మొత్తం ఈవీ సప్లై ఒక్క స్విచ్‌తో ఆపే వీలుండాలి, ఆ స్విచ్ ఎక్కడుందో వాచ్‌మన్‌కి తెలియాలి.

కంపెనీ బండ్లకి లెక్క వేరు

ఇంటి కారు రోజులో ఇరవై రెండు గంటలు ఆగి ఉంటుంది. గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఉద్యోగులని తిప్పే క్యాబ్‌కి ఆ సుఖం లేదు. తెల్లవారుజామున ఆఫీసుకి తెచ్చే లాగిన్ ట్రిప్పులు, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఇంటికి దింపే లాగౌట్ ట్రిప్పులు. మధ్యలో పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా అయిదు గంటలు, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా మూడున్నర గంటలు, అంతే. మీ ట్రిప్ షీట్లు నెలరోజులవి ముందేసుకుంటే మీ బండ్లు ఆగే గంటలు ఇలాగే తేలతాయి. వేరే ఏ అంకెకన్నా ముందు అవి కావాలి.

ఒక లెక్క వేద్దాం. 12 క్యాబులు, ఒక్కోటి రోజుకి 180 కిలోమీటర్లు. వృథాతో కలిపి బండికి దాదాపు 30 యూనిట్లు, మొత్తం 360 చుట్టూ.

పన్నెండు పవర్ ప్లగ్‌లు పెడితే దాదాపు 40 కిలోవాట్ల లోడ్. ఎనిమిదిన్నర గంటల్లో బండికి 28 యూనిట్లు ఎక్కుతాయి. కావాల్సింది 30. అంటే రోజూ కొంచెం తక్కువే. ఒక్క ట్రిప్పు ఆలస్యమైతే ఆ రోజు లెక్క మొత్తం తప్పుతుంది. చవకే కానీ ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి రోజూ టెన్షన్.

దీనికి పూర్తి ఎదురు రెండు 60 కిలోవాట్ల డీసీ ఛార్జర్లు. వేగంగా ఉంటుంది, కానీ 120 కిలోవాట్ల కనెక్షన్, బహుశా సొంత ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ (హై టెన్షన్) బిల్లు కావాలి. హెచ్‌టీలో సాధారణంగా వాడినా వాడకపోయినా ఒప్పుకున్న డిమాండ్‌లో కనీసం 80 శాతానికి చార్జీ పడుతుంది. డ్రైవర్లు నిద్రపోవాల్సిన అయిదు గంటల్లో లేచి క్యూలో బండ్లు మారుస్తూ ఉండాలి. మీ క్యాబులు 25 కిలోవాట్లకి మించి తీసుకోని రకమైతే, 60 పెట్టినా ఎక్కేది 25 మాత్రమే. మా 22 కిలోవాట్ల తప్పే ఇది, ఈసారి లక్షల్లో.

నేను ఎంచుకునేది మధ్యది. పన్నెండు 7.2 కిలోవాట్ల పాయింట్లు, అన్నీ కలిపి 50 కిలోవాట్లు దాటకుండా లోడ్ మేనేజ్‌మెంట్. తలా నాలుగు కిలోవాట్లు వచ్చినా ఎనిమిదిన్నర గంటల్లో బండికి 34 యూనిట్లు. బండి పెట్టి ప్లగ్ చేసి డ్రైవర్ పడుకోవచ్చు. తోడుగా 30 కిలోవాట్ల డీసీ ఒక్కటి, అది నడిచేటప్పుడు మిగతావి తగ్గేలా అమర్చి, ఆలస్యమైన బండి కోసం ఉంచాలి. దీన్ని విలాసం అనుకోకండి. రాత్రి రెండింటికి ఒక అమ్మాయిని ఇంటికి దింపాల్సిన క్యాబ్‌లో ఛార్జ్ 12 శాతం ఉందని డ్రైవర్ ఫోన్ చేస్తే, "దారిలో ఎక్కడైనా పెట్టుకో" అనడం జవాబు కాదు. అయితే ఈ ప్లాన్ మీ క్యాబులు 7.2 తీసుకునేవైతేనే. బండ్ల ఆర్డర్ ఇచ్చేముందే ఇది సరిచూసుకోవాలి. 3.3 మాత్రమే తీసుకునే మోడల్ అయితే డీసీ మీద ఎక్కువ ఆధారపడక తప్పదు.

ఇంత లెక్కా కొట్టుకుపోయే ప్రశ్న ఒకటుంది. రాత్రి బండి ఎక్కడ ఉంటుంది? చాలామంది డ్రైవర్లు క్యాబ్ ఇంటికే తీసుకెళ్తారు. ఊరి చివర ఇరుకు గల్లీలో అద్దె గది, అక్కడ ఛార్జింగ్ ఉండదు. అలాంటప్పుడు ఆఫీసులో రాత్రి ఛార్జింగ్ ప్లాన్ కాగితం మీదే మిగిలిపోతుంది. బండి రాత్రి ఆఫీసులోనే ఉండాలంటే డ్రైవర్ కూడా ఉండాలి. అతనికి ఫ్యాన్ ఉన్న గది, శుభ్రమైన టాయిలెట్, తాగునీళ్లు ఇవ్వండి. ఛార్జర్ బడ్జెట్‌లో ఇది కూడా ఒక పద్దుగా రాయండి. మూడున్నర గంటలు సీటు వాల్చుకుని పడుకున్న మనిషి తెల్లవారుజామున మీ ఉద్యోగుల్ని ఎక్కించుకుని ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తాడు.

బండ్లు వెండర్‌వైతే (క్యాబులు నడిపే కాంట్రాక్టరువైతే) ఛార్జర్ ఎవరు పెట్టాలన్నది ఇంకో బేరం. స్థలం, కనెక్షన్ కంపెనీవి, బండ్లు వెండర్‌వి, యూనిట్లకి లెక్క కట్టి బిల్లులో సర్దుకోవడం నాకు నచ్చిన పద్ధతి. వెండర్ మారినా ఛార్జర్లు మీ దగ్గరే ఉంటాయి. అంతా వెండరే చూసుకుంటాడని వదిలేస్తే, అతను బయటి పబ్లిక్ ఛార్జర్ల మీద పడతాడు, ఆ ఖర్చు కిలోమీటర్ రేటులో మీకే వస్తుంది, క్యూలో పోయిన గంట మీ లాగిన్ టైములో కనిపిస్తుంది.

ఎక్కడి నుంచి బయల్దేరిందో అక్కడికే తిరిగొచ్చే బండ్లకి ఈ తలనొప్పులు లేవు. తిరుమల ఘాట్ రోడ్డు మీద 2022 నుంచి తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులకి దారి ఒకటే, డిపో ఒకటే. దిగేటప్పుడు బ్రేకుల నుంచి కొంత కరెంటు బ్యాటరీకి తిరిగొస్తుంది కూడా. మీ కంపెనీలో ఉద్యోగుల బస్సులు, గోడౌన్ నుంచి సరుకు తిప్పే ఆటోలు ఇలాంటివే. క్యాబుల కంటే ముందు వాటిని ఈవీకి మార్చడం తేలిక, మొదలు అక్కడ పెట్టండి.

పైకప్పు మీద సోలార్ ఉన్న ఆఫీసులకి పగటి ఛార్జింగ్ బాగా కలిసొస్తుంది, ఆ మధ్యాహ్నపు అయిదు గంటలూ ఎండ వేళే. అపార్ట్‌మెంట్‌లో బండ్లు పగలు ఉండవు కాబట్టి సోలార్‌ని ఛార్జింగ్ లెక్కలో నేరుగా కలపొద్దు. హెచ్‌టీ కనెక్షన్ ఉన్నవాళ్లు రాత్రి వేళ యూనిట్ మీద తగ్గింపు ఉంటే అది వాడుకోవాలి. టారిఫ్ ఏటా మారుతుంది, మీ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి తాజా ఉత్తర్వు చూసే లెక్క వేయండి.

ఇంకా కట్టుబడిలో ఉన్న బిల్డింగ్ అయితే పని చాలా చవకలో అయిపోతుంది. కేంద్రం 2019లో సవరించిన నమూనా భవన నిబంధనలు పార్కింగ్‌లో 20 శాతం ఈవీకి సిద్ధంగా ఉండాలంటున్నాయి. బిల్డర్ ఆ 20 శాతానికి ఛార్జర్లు బిగిస్తానంటే, అవి వద్దని చెప్పి దానికి బదులు అన్ని పార్కింగులకీ ఖాళీ పైపులు, మీటర్ రూంలో ఇంకో ప్యానెల్‌కి సరిపడా గోడ, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన ఇంకొకదానికి చోటు అడగండి. ఛార్జర్ మోడల్ రెండేళ్లలో మారిపోతుంది. స్లాబ్ పోశాక పైపు వేయాలంటే కాంక్రీటు కోయాలి.